ఆరోగ్యసేవకు అనుభవసాక్ష్యము



సంఘములు ప్రకటించు నివేదికలలో ఎన్ని మందులు పంచితిమో, ఎంత ద్రవ్యము వెచ్చించితిమో తప్పక యుండును. ఆ సేవవలన ఎవరి యొడలు బాగుపడినదో తెలుపు వాక్యము మాత్రము అరుదు. అది తెలియుటకు జనుల యనుభవములను వారి నోటనే వినవలయునని మేము చెప్పుచున్నాము. అయితే వినిన కథలన్నియు సమానప్రమాణములు కావు.

ఫ్లోరైడు నీటి సంగతి చూడుడు. నాటి చెన్నపురి రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు దాని వ్యాధి 1937లో వెల్లడియయ్యెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. కాచినను అది పోదు; నీరు ఇగిరినకొలది మఱింత చిక్కబడును. 1970ల దశకమున నాగపూరు నీరి సంస్థవారు పటికయు సున్నమును గలిపి, త్రిప్పి, తేర్చి, వడియగట్టు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పేరే నిలిచినది. పద్ధతి మంచిదే. కాని దినదినమును కొలిచి కలిపి, తేరువఱకు వేచి, మడ్డిని పాఱబోయవలసినది ఇల్లాలు. కూలికి బోవు తల్లి యెన్నడు మానివేసినదో, ఏల మానివేసినదో పాత్రలు పంచిన పట్టికకు తెలియదు. ఆమె నడిగిననే తెలియును.

ఇక వినినదాని నర్థము చేసికొనుట కష్టతరము. వెన్ను వంగిన వృద్ధుడు “క్రొత్త నీటివలన నాకేమియు మేలు కలుగలే”దనును. అతని మాట సత్యమే. ఎముకలను బట్టిన వికారము మంచినీటిచే మరలదు. అంతమాత్రమున నీరు వ్యర్థమా? శాశ్వతదంతములు దవుడలో రూపొందు వయస్సున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపున, త్రాగిన నీరే పండ్లపై మచ్చల నుంచును. కావున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ వంటి పథకములచే నదీజలము ఊరు చేరిన పిమ్మట పుట్టిన మనుమరాలి పలువరుసను, అంతకు ముందే పెరిగిన యన్న పలువరుసతో పోల్చి చూడవలయును. తర్కశాస్త్రమున దీనినే అన్వయవ్యతిరేకములందురు: కారణమున్నచోట కార్యముండుట, లేనిచోట లేకుండుట. మన వేదికలపై మాటాడువారందఱును అన్వయపక్షమువారే. మేలు పొంది పూలమాలతో వచ్చినవారు. దాత యెదుట నిలిచి దానమున లోపమెన్ను ధైర్య మెవనికి గలదు? పాత్ర మూలబడిన యింటికి, గొట్టము చేరని వాడకు బోయి, దాత లేని వేళ, దాతకు చుట్టము కానివాడు అడుగవలయును.

ఇట్టి సేవకు విరాళము లొసగు మహాదాతలకు మా విన్నప మొక్కటి. ఇంటింటికి నొక్క పుట వ్రాయింపుడు: ఏ నీరు త్రాగుచున్నారు, ఎప్పటినుండి, ఎవరు మానిరి, ఏల మానిరి. రెండేండ్ల పిదప అదే యింటి యరుగుపై ఆ పుటను చదివి వినిపింపుడు. ఏది మాఱినదో, ఏది మాఱలేదో ఇంటివారే దిద్దుదురు.