కల్లంలో మనిషి ఉన్నాడు, కాగితంలో లేడు

(2025 మార్చిలో మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లాక్‌డౌన్ పెట్టి ఈ నెలకు ఐదేళ్లు. 'కరోనా అయిపోయింది కదా, ఇప్పుడు మళ్లీ ఎందుకు తవ్వడం' అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. అయిపోయింది రోగం. మన బతుకుల్లో ఎక్కడెక్కడ గండి ఉందో ఆ రోజుల్లో బయటపడింది. ఆ గండ్లు ఇంకా పూడలేదు. అందుకే మాట్లాడాలి. ఎక్కడో జరిగిన సంగతులు కాదు, ఎక్కువగా మన ఊళ్లో, మన కల్లాల్లో కళ్లారా చూసినవే చెబుతాను.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఒక్క రోజే గదా అనుకున్నాం. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలోకి వచ్చి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా బంద్ అన్నారు. మనకు ఇచ్చిన వ్యవధి నాలుగు గంటలు. అప్పటికి మన పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆ రోజుకు మన మిరప ఏ దశలో ఉందో గుర్తు చేసుకోండి. మొదటి కోత అమ్ముడుపోయింది. రెండో కోత కల్లంలో ఎండుతోంది. మూడో కోత చెట్టు మీద పండి ఉంది. పత్తి అయితే ఇంట్లో ఓ మూల పోసుకోవచ్చు. పండిన మిరపకాయ ఆగదు. చెట్టు మీద వదిలేస్తే రంగు పోయి తాలవుతుంది. కల్లంలో వాన పడితే నల్లబడుతుంది. ప్రభుత్వం అందరినీ ఆగమంది గానీ కాయ ఆగలేదు.

మూడు రోజులకు, మార్చి 27న, కేంద్ర హోం శాఖ సవరణ ఉత్తర్వు ఇచ్చింది. రైతులు, కూలీలు పొలం పని చేసుకోవచ్చు, మార్కెట్ యార్డులు నడవచ్చు, ఎరువులు విత్తనాల దుకాణాలు తెరవచ్చు, కోత మిషన్లు రాష్ట్రం దాటి కూడా పోవచ్చు అని అందులో ఉంది. మంచి ఉత్తర్వే. ఫోన్లో వస్తే నేనే పది మందికి చదివి వినిపించాను. అది ఢిల్లీ నుంచి మన రోడ్డు మీదికి దిగేటప్పటికి ఏమైందో వినండి.

నాకు సొంతంగా ఎకరంన్నర ఉంది, మూడెకరాలు కౌలు. ఏప్రిల్ మొదటి వారంలో కాయ టిక్కీలకు ఎత్తి, ట్రాక్టరులో కోల్డ్ స్టోరేజికి బయల్దేరాను. గుంటూరు మిర్చి యార్డు మూతపడి ఉంది గనుక స్టోరేజి తప్ప దారి లేదు. మధ్యలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. 'రైతువని ఏంటి రుజువు?' అన్నారు. ఎకరంన్నరకు పట్టాదారు పాసుపుస్తకం ఉంది, చూపించాను, వదిలేశారు. నా వెనక ట్రాక్టరు మా పక్క చేను రైతుది. నాలుగెకరాలు చేస్తాడు, నాకంటే కాయ బాగా పండించాడు. సెంటు భూమి లేదు. భూమి గల ఆసామి హైదరాబాదులో ఉంటాడు. 'పాసుపుస్తకం లేనివాడివి రైతువెట్టా అవుతావు?' అని మూడు గంటలు ఎండలో నిలబెట్టి వెనక్కి పంపారు. నా కాయా అతని కాయా ఒకే గట్టుకు అటూ ఇటూ పండినవే. విత్తనం ఒకటే, మందు ఒకటే, అప్పు తెచ్చిన చోటూ ఒకటే. తేడా అల్లా ఒక పుస్తకం. చివరికి సంఘం తరఫున నలుగురం పోయి అడిగితే, సాగు చేస్తున్నాడని ఊళ్లో కాగితం రాయించుకు రమ్మన్నారు. ఆ కాగితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ అతని భార్య రాత్రిపూట పరదాలు కప్పుతూ, పగలు తీస్తూ కల్లం దగ్గరే పడుకుంది.

ఇక కోత కూలీల సంగతి. సంక్రాంతి దాటగానే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన దగ్గరికి వస్తాయి. పిల్లల్ని, సామాన్లను లారీల్లో వేసుకొని వస్తారు. చేల పక్కన, కల్లాల పక్కన గుడారాలు వేసుకుంటారు. వాళ్లు రాకపోతే మన మిరప ఇంటికి రాదు. లాక్‌డౌన్ రోజుకు మా ఊళ్లో ఇలాంటి కుటుంబాలు పద్దెనిమిది ఉన్నాయి.

మాస్కు కట్టుకోమని మైకులో చెబుతుంటే ఆ ఆడవాళ్లు నవ్వారు. కాయ ఘాటుకు పుట్టినప్పటి నుంచీ ముక్కుకు గుడ్డ కట్టుకునే పని చేస్తున్నారు మరి. కల్లంలోకి పోతే ఎవరికైనా దగ్గు వస్తుంది. ఆ ఏడాది ఎవరు దగ్గినా ఊరు అనుమానంగా చూసింది. కుర్రాళ్లు ఊరి దారికి కంప అడ్డం వేశారు. బయటి నుంచి ఎవరూ రాకూడదన్నారు. మూడు నెలలుగా మన మధ్యే ఉన్నవాళ్లు ఒక్క రాత్రిలో బయటివాళ్లయ్యారు. మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి రావద్దన్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దలు, సంఘం వాళ్లం కూర్చొని, 'రోగం భయం అందరికీ ఉంది, దాహం కూడా అందరికీ ఉంది' అని చెప్పాక, వాళ్లకు వేరే వేళ పెట్టారు. పొద్దున్నే ఆరు నుంచి ఏడు వరకు. అది కూడా వాదించి సాధించుకోవాల్సి వచ్చింది.

తర్వాత బియ్యం. మనిషికి 5 కిలోలు ఉచితం అని కేంద్రం ప్రకటించింది. మన రాష్ట్రంలో కార్డు ఎక్కడిదైనా ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు. మంచి సౌకర్యమే. వాళ్లు మా ఊరి డిపోకు పోయారు. కొందరికి మిషన్ మీద వేలిముద్ర పడలేదు. కాయ కోసి కోసి రేఖలు అరిగిపోయిన వేళ్లు అవి. వేలు పడిన కొందరికేమో 'ఈ నెల సరుకు తీసుకున్నారు' అని చూపించింది. ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రులు కార్డు మీద మొత్తం తీసేసుకున్నారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లూ తినాలి గదా. ఇక్కడ ఆరుగురు, అక్కడ ఇద్దరు, కార్డు ఒకటే. ప్రభుత్వం కార్డుకు ఇచ్చిన వెయ్యి రూపాయలూ అంతే, ఇంటి దగ్గరున్న వాళ్ల చేతికే పోయాయి.

అప్పుడు పని చేసింది ఏమిటో చెబుతాను. మా ఊరి పొదుపు సంఘం అక్కలు ఇద్దరు ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం తీసుకొని గుడారం గుడారం తిరిగారు. పేరు, సొంత ఊరు, ఎవరి చేలో పని, పిల్లలెంత మంది, గర్భిణి ఎవరు, బీపీ మాత్రలు ఎవరికి కావాలి, రైతు దగ్గర రావాల్సిన కూలి ఎంత, అన్నీ రాశారు. మండలం నుంచి 'మీ ఊళ్లో వలస కూలీలు ఎంత మంది?' అని అడిగిన రోజు, ఊరు మొత్తం మీద సమాధానం ఉన్నది ఆ పుస్తకంలోనే. ఆ పేర్ల ప్రకారమే బియ్యం వచ్చింది. నెల దాటాక సొంత ఊళ్లకు బస్సు పెట్టినప్పుడూ ఆ జాబితానే అడిగారు. కూలి డబ్బు తర్వాత ఇస్తామన్న రైతుల చేత బస్సు ఎక్కేలోపు ఇప్పించింది కూడా ఆ పుస్తకమే. రాసి ఉంది గనుక ఎవరూ కాదనలేకపోయారు.

పేరు రాసుకునే వాళ్లు లేని చోట ఏమవుతుందో కూడా ఆ ఏప్రిల్‌లోనే చూశాం. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా నుంచి తెలంగాణలో ములుగు జిల్లాకు మిరప కోతకు వచ్చిన 12 ఏళ్ల ఆడపిల్ల, మిగతా కూలీలతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొంచెం దూరం ఉందనగా చనిపోయింది. ఆ పిల్ల కోసింది కూడా మనం పండించే మిరపకాయే. పత్రికల్లో వచ్చింది, మనందరం చదివాం. పన్నెండేళ్ల పిల్ల కోతకు ఎందుకు రావాల్సి వచ్చింది, నడిచి ఎందుకు పోవాల్సి వచ్చింది అన్న ప్రశ్న మిరప రైతులుగా మన ముందూ ఉంది.

2021లో రెండో విడత ఇంకో రకంగా కొట్టింది. మొదటి ఏడాది పని పోయింది, రెండో ఏడాది మనుషులు పోయారు. నాకూ మే నెలలో జ్వరం వచ్చింది. పద్నాలుగు రోజులు పశువుల కొట్టంలో పడుకున్నాను. మా ఇంటామె కంచం గుంజ దగ్గర పెట్టి దూరంగా నిలబడేది. సంఘం సభ్యులు చందాలు వేసుకొని ఆక్సిజన్ చూసే మిషన్లు రెండు కొన్నారు, ఒక్కో వాడకు ఒకటి. ఆ చిన్న మిషన్ చూపిన అంకెను బట్టి సకాలంలో ఆసుపత్రికి చేరి బతికిన వాళ్లు ఈ సభలో ఉన్నారు.

చేరలేని వాళ్లూ ఉన్నారు. మా ఊళ్లో ఒక కౌలు రైతు ఐదు రోజులు జ్వరంతో, ఆయాసంతో ఇంట్లోనే పోయాడు. పరీక్ష చేయించలేదు. కిట్లు లేవని రెండు రోజులు తిప్పారు, మూడో రోజు నడవలేకపోయాడు. ఆ సెప్టెంబరులో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వాలని మార్గదర్శకాలు వచ్చాయి. ఆయన భార్య దరఖాస్తు పెడదామంటే పరీక్ష కాగితం లేదు, ఆసుపత్రి కాగితం లేదు. కౌలు కార్డు లేదు గనుక పంట అప్పు బ్యాంకులో లేదు, అంతా వడ్డీ వ్యాపారి నోటు మీదే. సాయం అడగడానికి కాగితం లేదు గానీ అప్పు అడగడానికి మాత్రం కాగితం ఉంది. ఆమె ఇప్పటికీ వడ్డీ కడుతోంది.

మిత్రులారా, ఈ నాలుగు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. చెక్‌పోస్టు దగ్గర రైతు, డిపో దగ్గర కూలీ, దారిలో పోయిన పిల్ల, దరఖాస్తు పెట్టలేకపోయిన భార్య. నలుగురూ పని చేసిన వాళ్లే. పనిలో ఉన్నారు, రికార్డులో లేరు. మామూలు రోజుల్లో అది చిన్న ఇబ్బందిలా కనపడుతుంది, ఎట్లాగో నెట్టుకొస్తాం. ఆపద వచ్చిన రోజు అదే ప్రాణం మీదికి వస్తుంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వలేం. కాగితమూ అంతే.

మనల్ని ఐదుగురు కలవొద్దన్న కాలంలోనే, 2020 జూన్ 5న, మూడు సాగు ఆర్డినెన్సులు వచ్చాయి. సెప్టెంబరులో చట్టాలయ్యాయి. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుంటే 2021 నవంబరులో రద్దయ్యాయి. ఆపద కాలంలో మనం విడిపోయి ఉంటే మన గురించి నిర్ణయాలు ఆగవు, మనల్ని అడగకుండా జరిగిపోతాయి. కలిసి ఉంటే తిప్పికొట్టగలం. ఇది కూడా ఆ రోజులు చూపించిందే.

ఇక చేయాల్సిన పని. 2011 చట్టంలో కౌలు రైతు గుర్తింపు కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేదు. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో 11 నెలల ఒప్పందం, ఆసామి సంతకం పెట్టారు. అక్కడే మన వాళ్లలో ఎక్కువ మంది ఆగిపోతున్నారు. సంతకం అక్కర్లేని చట్టం కోసం మన పోరాటం సాగుతుంది. ఈలోగా చేతిలో ఉన్నది వదులుకోకూడదు. కార్డు ఇస్తే భూమి పోతుందని ఆసాములు భయపడతారు. ఆ కార్డుతో వచ్చేది పంట మీద హక్కే, భూమి మీద కాదు. ఆ మాట చట్టంలోనే ఉంది. ఒక్కడు పోయి అడిగితే వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వననొచ్చు. పది మంది సంఘంగా పోయి కూర్చుంటే మాట వేరుగా ఉంటుంది. చాలా ఊళ్లలో ఆసామి మన బంధువే, మన ఊరివాడే. ముందు వాళ్ల దగ్గర మొదలుపెడదాం.

రెండోది ఈ-పంట నమోదు. చేను ఎవరు చేస్తున్నారో వాళ్ల పేరే ఎక్కాలి. ఈ ఫిబ్రవరిలో మిరపకు క్వింటాలు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర ప్రకటించారు. అది చాలదన్నది వేరే సంగతి. ప్రకటించినదైనా చేతికి రావాలంటే నమోదులో మన పేరు ఉండాలి. జాబితా గోడకు అంటించిన రోజు ఊరి కమిటీ నుంచి ఇద్దరు పోయి ఒక్కో పేరూ చదివి రావాలి. తప్పుంటే గడువులోపే రాసి ఇవ్వాలి.

మూడోది ఆ నోటు పుస్తకం. వచ్చే సీజను కూలీలు లారీ దిగిన వారంలోనే ప్రతి ఊరి కమిటీ పేర్లు రాసుకోవాలి. కార్డులో ఎంత మంది, ఇక్కడికి ఎంత మంది వచ్చారు, బడి ఈడు పిల్లలు ఎవరు. పిల్లల పేర్లు మన బడి హెడ్మాస్టరుకు ఇవ్వాలి. రావాల్సిన కూలి కూడా వారం వారం రాయాలి. మనం రైతులం, కూలి ఇచ్చేవాళ్లమే గదా, మన మీదే మనం రాసుకోవాలా అని కొందరికి అనిపించవచ్చు. కౌలు రైతును ఆసామి కాగితంలో ఉంచాలని అడిగే మనం, కూలీని మన కాగితంలో ఉంచకపోతే ఆ అడగడానికి బలం ఉండదు.

ఈ నెల 30న ఉగాది. ఆ మర్నాటి నుంచే కొత్త ఏడాది కౌలు మాటలు మొదలవుతాయి. ఊరికొకటి చొప్పున నోటు పుస్తకాలు బయట బల్ల మీద పెట్టాం. ప్రతి ఊరి నుంచి ఒకరు సంతకం పెట్టి తీసుకుపొండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకం తీసుకొని రండి. పేర్లు నిండిన పుస్తకాలనే లెక్కలోకి తీసుకుందాం.

సెలవు.