మిద్దె మీది మిరపకు బిందు సేద్యం



బెంగళూరు కుళాయిలకు చేరే కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దారిలో మూడు చోట్ల పంపులతో పైకి ఎత్తిపోయగా వస్తున్నది. 2024 మార్చిలో కొరత ముదిరినప్పుడు జలమండలి తాగునీటితో తోటలు తడపడాన్ని నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. అటువంటి వేసవిలో మిద్దె మీది మిరప కుండీల గతి ఏమిటన్నది పచ్చిమిరప లేనిదే పూట గడవని తెలుగు ఇళ్లకు చిన్న ప్రశ్న కాదు.

అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలకు డ్రిప్పు కొత్త మాట కాదు. అయితే పొలంలో మోటారు ఒత్తిడి ఉంటుంది. మిద్దె మీద ఉండేది ఇటుకల దిమ్మెపై నిలిపిన డ్రమ్ము మాత్రమే. చిక్కంతా అక్కడే. డ్రిప్పరుకు చెప్పే ‘గంటకు 2 లీటర్లు’ అనే లెక్క పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడికి వేసినది. డ్రమ్ములోని నీరు కుండీలకు ఒక మీటరు ఎత్తున ఉంటే అదే మామూలు డ్రిప్పరు నుంచి గంటకు రమారమి 600 మిల్లీలీటర్లే కారుతుంది. డ్రమ్ము ఖాళీ అయ్యేకొద్దీ అదీ తగ్గుతుంది. అరగంటలో లీటరు అందిందని తలచి కుళాయి కట్టివేస్తే మొక్క తాగినది గ్లాసున్నర. పూత రాలుతుంది, నింద డ్రిప్పు మీద పడుతుంది.

కాబట్టి ముందు కొలవండి. పైపు మొదటి డ్రిప్పరు కింద ఒక గ్లాసు, చివరి దాని కింద ఒక గ్లాసు పెట్టి పావుగంట ఆగండి. రెండింటా మట్టం దాదాపు ఒకటిగా ఉండాలి. చివరిది మరీ తక్కువైతే పైపు పొడవు తగ్గించండి. అడుగు వెడల్పు కుండీలో కాపు మీదున్న మిరపకు వేసవిలో రోజుకు లీటరు, మండుటెండలలో లీటరున్నర చాలును. ఆ లెక్కన 200 లీటర్ల డ్రమ్ము పన్నెండు కుండీలను పది పదిహేను రోజులు నిలుపుతుంది. ఏప్రిల్, మే నెలల మామిడి జల్లులు దానిని మళ్లీ నింపగలవు.

నీరు తక్కువైనా, ఎక్కువై వేరు కుళ్లినా ఆకు ఒకే తీరున వాడుతుంది. ఆకును నమ్మక, మట్టిలో రెండు కణుపుల లోతున వేలు గుచ్చి చూడండి. మట్టిపై కొబ్బరి పీచు పరిస్తే తడి నిలుస్తుంది.

డ్రిప్పులో ఆకు తడవదు గనుక కాయకుళ్లు తగ్గుతుంది. కానీ పొడి వాతావరణం తామర పురుగుకు, నల్లికి అనుకూలం. ఆకు అంచులు పైకి ముడిస్తే మొదటిది, కిందికి ముడిస్తే రెండవది.

పప్పు, బియ్యం కడిగిన నీటిని డ్రమ్ములో పోయవద్దు, పిండి డ్రిప్పరు సన్నని దారిని మూసివేస్తుంది. మగ్గుతో నేరుగా కుండీలో పోయండి. ఇంటి శుద్ధి యంత్రం విడిచే నీటిలో లవణాలు అధికం, మిరప వాటిని ఓర్వదు. ఆ నీరు నేల తుడవడానికి ఉంచండి. ఫిల్టరును వారానికొకమారు కడగండి. నెలకొకమారు పైపు చివరి మూత విప్పి మడ్డిని బయటికి వదలండి. ఆ నీటినీ బకెట్టులో పట్టి కుండీలకే పోయవచ్చు.