పాత రాజ్‌దూత్‌కు చలికాలం మరమ్మతు

మూలన పడ్డ రాజ్‌దూత్ మోటార్‌సైకిల్‌ను బాగుచేయడానికి హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో చలికాలమే అదను. వానలు తగ్గుతాయి, విప్పిన సామాను త్వరగా తుప్పు పట్టదు. పోలండ్ నమూనాతో ఎస్కార్ట్స్ సంస్థ చేసిన ఈ గట్టి బండి పల్లెల్లో ఎన్నో పాలక్యాన్లు మోసింది.

ముందే కిక్ కొట్టకూడదు. ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌లో పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారాక కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కాలి. కదిలిందా, సగం పని అయినట్టే.

పాత పెట్రోలు తీసేయాలి. అది జిగురై కార్బురేటర్ జెట్‌ను మూసేస్తుంది. జెట్‌ను తీగతో పొడవకూడదు, గాలి కొట్టాలి.

ఇది టూ-స్ట్రోక్ బండి. పెట్రోల్లో ఆయిల్ కలపాల్సిందే. మరిస్తే పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది.

బ్రేకులు, టైర్లు, వైర్లు చూశాకే రోడ్డెక్కాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పనిసరి.