అమ్మమ్మ చేతులు వణికాయి, కారణం గ్యాస్ మాత్ర

ఈరోజు ఫోన్లూ యాప్‌లూ కాదు, మా అమ్మమ్మ గురించి మాట్లాడతా.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లా. టీవీ చూస్తూ కూర్చుంటే ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులూ వణుకుతున్నాయి. చిన్న చిన్న అడుగులేస్తోంది. నేనొచ్చానన్నా మొహంలో నవ్వే లేదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "డెబ్బై రెండేళ్లు, వయసు కదరా". మామయ్యేమో నేరుగా స్కాన్ తీయిద్దాం అన్నాడు.

న్యూరాలజిస్ట్ మాత్రం స్కాన్ ఊసే ఎత్తలేదు. చేతులు ఒళ్లో పెట్టించి అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నారు. బొటనవేలు, చూపుడువేలు టకటకా కొట్టించారు. మోచెయ్యి వంచి బిగుతు చూశారు. నడిపించారు, వెనక్కి తిప్పారు. పేరు రాయిస్తే అక్షరాలు పోనుపోనూ చీమల్లా అయిపోయాయి. పార్కిన్సన్‌ని ముఖ్యంగా ఇలా చూసే గుర్తుపడతారట. మామూలు ఎంఆర్ఐలో అది సాధారణంగా కనపడదు, వేరే కారణాలేమైనా ఉన్నాయేమో చూడ్డానికే తీస్తారు. ఇంకోటి, ఊరికే ఉన్నప్పుడు కాకుండా గ్లాసు ఎత్తేటప్పుడు, రాసేటప్పుడు చెయ్యి వణికితే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. అది వేరే సమస్య.

"ఏం మందులు వాడుతున్నారు?" అనడిగారు. బీపీ, షుగర్ అని చెప్పాం. గ్యాస్ మాత్ర సంగతి ఎవరికీ తట్టనే లేదు! పిన్ని సంచీ తీస్తే బయటపడింది. రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిపిన మాత్ర. పాత చీటీ మీద పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. నెలనెలా యాప్‌లో ఆర్డర్ పెట్టింది ఎవరనుకున్నారు? నేనే.

కోడ్‌లో బగ్ వస్తే మేం ముందు అడిగేది "ఈమధ్య ఏం మార్చావ్?" అని. ఇంట్లో ఆ ప్రశ్న నాకెందుకు రాలేదో!

లెవోసల్పిరైడ్ డోపమైన్ రిసెప్టర్లని అడ్డుకుంటుంది. మెదడులో కూడా అదే పని చేస్తే అచ్చం పార్కిన్సన్ లాంటి లక్షణాలే వస్తాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికిచ్చే సిన్నరిజిన్, మైగ్రేన్‌కిచ్చే ఫ్లునరిజిన్, కొన్ని మానసిక సమస్యల మందులు... వీటితోనూ రావచ్చు. అలాగని ఇది విని మీ అంతట మీరు ఏదీ ఆపేయకండి, ప్లీజ్. ముఖ్యంగా మానసిక సమస్యల మందులు. స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సంచీలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అమ్మమ్మకి డాక్టరే ఆ మాత్ర ఆపించారు. మూడు నెలలకి నడక చాలావరకు మామూలైంది. కుడిచేతిలో మాత్రం కాస్త వణుకు మిగిలింది. లోపల అసలు పార్కిన్సనే మొదలై, ఈ మాత్ర దాన్ని ముందే బయటపెట్టి ఉండొచ్చట. అదే అయితే లెవోడోపా ఉంది, వ్యాయామం ఉంది. ఇప్పుడే తేల్చలేం అన్నారు. ఆర్నెల్లకోసారి వెళ్తున్నాం.

మొన్న మళ్లీ పేరు రాయించా. అక్షరాలు చివరిదాకా ఒకే సైజు! "ఏంట్రా, ఈ వయసులో నాకు పరీక్షలా?" అని తిట్టింది.

కామెంట్లలో మాత్రల పేర్లు పెట్టి అడక్కండి, నేను చదివింది బీటెక్. ఉంటా మరి.