పెద్ద టైర్లు వేసిన లారీకి వెనక పళ్ళచక్రాలు



మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో సొంతంగా లారీ గాని, చిన్న సరుకుబండి గాని నడుపుకొనే రైతుకు ఏదో ఒకనాటికి పెద్ద టైర్లు వేయిద్దామనే ఆలోచన రాక మానదు. పొలం దారి గతుకులు, పలకరాయి తుంపులు, వానకాలంలో నల్లరేగడిలో దిగబడిన చక్రాలు, ఇవన్నీ ఆ ఆలోచన కలిగించేవే. 8.25-20 టైరు తీసి 10.00-20 వేస్తే దాని ఎత్తు దగ్గర దగ్గర 97 సెంటీమీటర్ల నుంచి 105కు పెరుగుతుంది. అందులో సగం, అంటే నాలుగు సెంటీమీటర్లు, ఇరుసు నేలనుంచి పైకి లేస్తుంది. రాళ్ళదారిలో ఆ నాలుగు సెంటీమీటర్లు తక్కువేమీ కాదు. అయితే ఆ మేలుకు బదులుగా బండి ఏం పోగొట్టుకుంటుందో, దాన్ని వెనక హౌసింగులో పళ్ళచక్రాలు మార్చి ఎంతవరకు తిరిగి రాబట్టవచ్చో ఈరోజు మీకు చెబుతాను.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. ఎద్దులబండికి చక్రం పెద్దదైన కొద్దీ లాగడం తేలిక. ఇది మన తాతలనాటి అనుభవం, నిజం కూడా. కాని ఎద్దు కాడిని పట్టి బండిని లాగుతుంది, చక్రం దానంతటది దొర్లుతుంది. లారీలో అలా కాదు. అక్కడ ఇంజను ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నేలను వెనక్కి తన్ని బండిని ముందుకు నెడుతుంది. ఇరుసు నుంచి నేలదాకా దూరం పెరిగితే ఆ తన్నులో బలం తగ్గుతుంది. గడ్డపారను రాతికి దగ్గరగా ఆనించి ఎత్తడానికి, దూరంగా ఆనించి ఎత్తడానికి ఎంత తేడా వుంటుందో మీకు తెలిసిందే. కాబట్టి ఎద్దులబండి లెక్క లారీకి పనికిరాదు.

ఎంత బలం తగ్గుతుందో కొలవడానికి కంపెనీ పుస్తకం అక్కరలేదు, సుద్దముక్క చాలు. సదరైన నేలమీద, ఎప్పుడూ వేసే బరువు వేసి, టైరుకు గాలి సరిగా పట్టించి, టైరు నేలకు ఆనినచోట టైరుమీదా నేలమీదా ఒక్కొక్క గీత గీయండి. టైరుమీది గీత ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ నేలకు వచ్చేదాకా బండిని మెల్లగా నడిపి, అక్కడ ఇంకో గీత గీసి దూరం కొలవండి. పాత టైరుతో 290 సెంటీమీటర్లు, కొత్తదానితో 313 వచ్చాయనుకోండి. నూటికి ఎనిమిది పాళ్ళు పెరిగిందన్నమాట. అంటే ఘాటు ఎక్కేటప్పుడు ఇంజనుకు, పది టన్నుల బండిమీద మరి ఎనిమిది క్వింటాళ్ళు ఎక్కించినంత శ్రమ. 40 కిలోల మిరప టిక్కీలైతే అవి ఇరవై! ఆ ఇరవై టిక్కీలకు బాడుగ మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఇక పళ్ళచక్రాల సంగతి. వెనక హౌసింగులో పెద్దది క్రౌన్ వీలు, చిన్నది పినియను. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 7 పళ్ళు వుంటే, 41ని 7తో భాగించగా 5.86. షాఫ్టు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. దీనినే మెకానిక్కులు రేషియో అంటారు. మీ బండికి ఎంత వుందో తెలియకపోతే ఇలా చూడండి. ముందుచక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో వుంచి, వెనక ఒకవైపు మాత్రమే జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టండి. షాఫ్టును పట్టివుంచే హాండ్‌బ్రేకు అయితే వదలాలి. లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఆరు చుట్లకు కాస్త తక్కువగా తిరిగితే రేషియో 5.86 అన్నట్టు. ఒక్క చుట్టు కాకుండా రెండు ఎందుకంటారా? ఒక చక్రం నేలమీద కదలకుండా వున్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌను ఒక చుట్టు తిరుగుతుంది.

కొత్త టైరుకు పూర్వపు బలమే రావాలంటే పాత రేషియోను 313తో హెచ్చించి 290తో భాగించాలి. 6.32 వస్తుంది. కాని అంగట్లో మనం అడిగిన లెక్కకు పళ్ళు కోసి ఇవ్వరు. మీ హౌసింగులో పట్టే జతలు ఏవో అవే దొరుకుతాయి. మాటవరసకు 43కు 7 పళ్ళ జత (6.14), 41కి 6 పళ్ళ జత (6.83) దొరికాయనుకుందాం. ఏది తీసుకోవాలి?

ఇక్కడ మీ బండి ఏ దారిన తిరుగుతుందో ఆలోచించాలి. మార్కాపురం నుంచి వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు మిర్చి యార్డుకు పోయే బండికి పెద్ద ఎత్తులు లేవు. దానికి 6.14 చాలు. పాత బలానికి నూటికి మూడు పాళ్ళే తక్కువ. పూర్వం 60 కిలోమీటర్ల వేగంతో పోయినప్పుడు ఇంజను ఎంత తిరిగేదో అంతే తిరిగితే ఇప్పుడు 62 వస్తుంది. పడమటికి పోయే బండి కథ వేరు. ఈ తాలూకాలు 1970లో కొత్త జిల్లాలో చేరేదాకా కర్నూలు జిల్లావే గనుక నంద్యాలతో మన రాకపోకలు పాతవి. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కి నంద్యాలకు, లేదా దోర్నాల నుంచి శ్రీశైలం వైపుకు బరువుతో తిరిగే బండికి 6.83 నయం. పాతదానికంటే నూటికి ఎనిమిది పాళ్ళు బలం ఎక్కువ. ఇంజను అంతే తిరిగితే వేగం 60కి బదులు 55 పైచిలుకు మాత్రమే. మైదానంలో నూనె కొంచెం ఎక్కువ తాగుతుంది, ఇంజను మోత ఎక్కువ. రెండుదారులా తిరిగే బండికి? బరువు ఏ దారిన మోస్తుందో ఆ దారి చూసుకోండి. ఖాళీగా వచ్చే దారికోసం పళ్ళు ఎంచకండి.

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు. దిగడం గురించి అడిగేవారు తక్కువ. ప్రాణాలు పోయేది మాత్రం దిగేటప్పుడే. పెద్ద టైరు వేసి పళ్ళు మార్చకపోతే, అదే గేరులో అదే వేగంతో దిగేటప్పుడు ఇంజను తక్కువగా తిరుగుతుంది, బండిని తక్కువగా పట్టివుంచుతుంది. ఆ మిగిలిన భారం బ్రేకుమీద పడుతుంది. ఆ బ్రేకుకూ ఇదే గడ్డపార లెక్క వర్తిస్తుంది: డ్రమ్ము పాతదే, చక్రం పెద్దది, కాబట్టి నేలదగ్గర పట్టు నూటికి ఏడు పాళ్ళు తగ్గుతుంది. డ్రమ్ములు కాలిపోయి వాసన వచ్చే వేళకు ఆ ఏడు పాళ్ళే లోటవుతాయి. పళ్ళచక్రాలు మారిస్తే ఇంజను పట్టు తిరిగి వస్తుంది. బ్రేకు పట్టు రాదు. ఈ తేడా డ్రైవరుకు విడమరచి చెప్పండి. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే, అవసరమైతే ఇంకా కింది గేరులో, మొదటినుంచే దిగమనండి. సగం దిగాక గేరు మార్చబోతే అది పడకపోవచ్చు.

మరొక మాట. పెద్ద టైరు వేసినంతమాత్రాన ఇరుసు గాని, కమాను పట్టీలు గాని ఎక్కువ బరువు మోయవు. రిమ్ము వెడల్పు చాలాలి, వెనక జంట టైర్లు బరువుకు ఉబ్బినప్పుడు ఒకదానినొకటి రాసుకోకూడదు. సరుకు రవాణా బండి రిజిస్ట్రేషనులో టైరు కొలత రాసి వుంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పులకు సంబంధించినది. కనుక రవాణా కార్యాలయంలో ముందుగా కనుక్కొనే టైరు కొనండి. ఇన్ని చిక్కులు పడేకంటే పాత కొలతలోనే లోతైన గాళ్ళున్న టైరు వేస్తే పొలం దారి గడిచిపోతుందేమో కూడా చూడండి. చాలామందికి అదే చాలని నా వుద్దేశం.

ట్రాక్టరున్నవారు కూడా వింటున్నారు గనుక వారికీ రెండు ముక్కలు. వెనక 13.6-28 తీసి 14.9-28 వేస్తే ఒక చుట్టుకు సుమారు నూటికి నాలుగు పాళ్ళు ఎక్కువ నడుస్తుంది. ట్రాక్టరుకు పళ్ళు మార్చే పని పెట్టుకోకండి, గేర్లు చాలా వున్నాయి. కాని షాఫ్టుతో తిరిగే స్ప్రేయరు కొట్టేటప్పుడు జాగ్రత్త. షాఫ్టు వేగం మారదు, బండి మాత్రం ముందుకు ఎక్కువ పోతుంది, ఎకరాకు పడే మందు ఆ మేరకు తగ్గుతుంది. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరుకైతే వెనక టైర్లు ఒక్కటే మార్చడం తప్పు. ముందు ఇరుసు ఒక లెక్కన, వెనక ఇరుసు ఒక లెక్కన పోరాడి టైర్లూ పళ్ళూ అరిగిపోతాయి.

చివరిగా, బిగింపు సంగతి. క్రౌను, పినియను కలిపి అరగదీసిన జత. రెంటిమీదా ఒకే నంబరు కొట్టి వుంటుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే నెలల్లో మోత మొదలవుతుంది. బిగించేటప్పుడు పళ్ళకు రంగు పూసి తిప్పి, ముద్ర పంటి నడుమ పడుతున్నదో లేదో మెకానిక్కును మీకు చూపించమనండి. పంటి అంచున పడితే విప్పి సరిచేయవలసిందే. స్పీడు మీటరు గేరుబాక్సు నుంచి నడిచేదైతే పై లెక్కప్రకారం తేడా చూపుతుంది. చక్రాలదగ్గర సెన్సార్లున్న కొత్త బండ్లకు కంపెనీవారి చేతనే దాన్ని సరిచేయించాలి. మొదటి 500 కిలోమీటర్లు తక్కువ బరువుతో, మైదానంలోనే నడపండి. ఇరవై ముప్పై కిలోమీటర్లకొకసారి ఆపి హౌసింగుకు చేయి దగ్గరగా పెట్టి చూడండి, వేడి సెగ కొడుతుంటే చల్లారనివ్వండి. ఆ 500 కాగానే ఆయిలు దించి, అడుగు బిళ్ళకు అంటిన ఇనుపపొడి తుడిచి, మీ హౌసింగుకు పుస్తకంలో చెప్పిన గేరు ఆయిలే పోయించండి. బరువుతో ఘాటు ఎక్కించేది ఆ తర్వాతే.