మేకు కాదు, మరమేకు

వంటింటి చెక్క అలమరలో పై అర మీద ఏమేం పెడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇత్తడి గిన్నెలు, పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీలు. ఆ బరువంతా మోసేది పలక ఒక్కటే కాదమ్మా. పలక కింది రీపులను పట్టుకున్న నాలుగు మరమేకులు, అంటే మనం స్క్రూలనేవి. వాటి కింద నిలబడి వంట చేసేది మనమే కాబట్టి, అవి ఎలా దిగాయో మనం చూసుకోవద్దూ?

పనికొచ్చిన అబ్బాయి తొందరలో ఉంటే ఏం చేస్తాడు? మరమేకును సుత్తితో ముప్పాతిక వంతు దిగగొట్టేసి, చివర రెండు తిప్పులు తిప్పి, ‘అయిపోయిందమ్మా’ అంటాడు. పైకి తేడా ఏమీ తెలియదు. కానీ మరమేకు బలమంతా దాని మరల్లోనే ఉంది. తిప్పితే ఒక్కొక్క మర చెక్కలో దారి కోసుకుంటూ దిగి, చెక్క పీచును గట్టిగా పట్టుకుంటుంది. సుత్తితో కొడితే ఆ పీచు నలిగి తెగిపోతుంది. ఇక పట్టేముంది? అందుకని మొహమాటం లేకుండా ‘బాబూ, ముందు బరమాతో కన్నం వెయ్యి’ అనండి. కాఫీ చేతికిచ్చి చెబితే మరీ మంచిది.

కన్నానికీ ఒక లెక్క ఉంది. పై చెక్కలో మరమేకు సులువుగా జారేంత ఉండాలి. కింది చెక్కలో మాత్రం మరలను వదిలేసి, నడిమి కాడ ఎంత లావో అంతే. 8వ నంబరు మరమేకు సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటుంది. టేకులో దానికి 3 మిల్లీమీటర్ల కన్నం సరిపోతుంది. దేవదారు వంటి మెత్తని చెక్కకు ఇంకాస్త సన్నం. కన్నం లేకుండా అంచు దగ్గర బిగిస్తే చెక్క చీలుతుంది. బిగుతుగా ఉంటే సబ్బు రాస్తారు కొందరు. సబ్బు చెమ్మను పీల్చి తుప్పు తెస్తుంది, కొవ్వొత్తి మైనం నయం.

కొట్లో అడిగేటప్పుడు ఒక తిరకాసు. చేతికుట్టు సూదికి నంబరు పెరిగితే సన్నబడుతుంది కదా, మరమేకుకు నంబరు పెరిగితే లావవుతుంది! పొడవంటారా, బిగించే పలక మందానికి మూడింతలు. అర అంగుళం పలకకు అంగుళంన్నర. అయితే కింది చెక్క దాటి అవతలికి మొన రాకుండా చూసుకోండి, పిల్లలు చేతులు పెడతారు.

చవకగా దొరికే నల్లని స్క్రూలు జిప్సం బోర్డుకోసం చేసినవి. గట్టివే గాని పెళుసు, బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. అలమరకు వద్దు. స్నానాలగదిలో ఇనపవి తుప్పు పడతాయి గనక స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో కొనండి. ఇత్తడి మెత్తన, గట్టి చెక్కలో తల తెగిపోతుంది. ముందు అదే సైజు ఇనపదాన్ని బిగించి, ఊడదీసి, ఆ దారిలో ఇత్తడిదాన్ని దించాలి.

తలుపు మడతబందు దగ్గర కన్నం వదులైపోయి, మరమేకు ఊరికే తిరుగుతోందా? దానికి వడ్రంగి అక్కర్లేదు. మందు గీకేసిన అగ్గిపుల్లలకు ఫెవికాల్ రాసి కన్నంలో బిగుతుగా కూరండి. పైకొచ్చిన ముక్కలు చాకుతో కోసేసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే అదే మరమేకును మెల్లిగా బిగించుకోండి.