మఖ్దూం మొహియుద్దీన్: అధ్యాపక పీఠమునుండి ప్రజాసభకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



హైదరాబాదు నగరమున నాంపల్లి రైలు స్టేషనుకు చేరువనే పబ్లిక్ గార్డెన్సు కలదు. శాసనసభా భవనము ఆ తోటయందే ఉన్నది. హజ్రత్ షాహ్ ఖామోష్ దర్గా, దాని శ్మశానవాటిక కూడ నాంపల్లిలోనివే. ఒక ఉర్దూ అధ్యాపకుని జీవితయాత్రలో కడపటి మజిలీలు ఈ రెండును. ఆయనయే మఖ్దూం మొహియుద్దీన్.

ఆయన 1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి మెదకు జిల్లా ఆందోలులో జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయి పినతండ్రి పోషణలో పెరిగిరి. రష్యాలో విప్లవము వచ్చినదనియు, అచ్చట కలవారును లేనివారును ఒకే బంతిని కూర్చుండి భుజింతురనియు ఆ పినతండ్రి చెప్పిన మాట బాలుని మనస్సున నాటుకొనెను.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. ముగించి, సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకులైరి. అది గౌరవమును, స్థిరమైన జీతమును గల కొలువు. దానిని 1941లో వదలుకొని కమ్యూనిస్టు పార్టీ పనికిని, కార్మికసంఘముల నిర్మాణమునకును పూనుకొనిరి. తెలంగాణ రైతాంగ పోరాటకాలమున అజ్ఞాతవాసము చేసి, 1951లో నిర్బంధితులైరి.

1952 సార్వత్రిక ఎన్నికలలో నగరములోని శాలిబండనుండి పోటీచేసి ఓడిపోయిరి. ఆయన భాష ఎరిగిన నగరము ఆయనను గెలిపింపలేదు. ఆ సంవత్సరమే హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభ ప్రవేశించిరి. హుజూర్‌నగర్ తెలుగు రైతుల సీమ. ఆయన కవితను ఉర్దూలో చదువగలవారు ఆ పల్లెలలో ఎందరుందురు? అయినను కష్టకాలమున తమ పక్షమున నిలిచినవానిని వారు మరువలేదు.

1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ఆయన ప్రతిపక్ష నాయకులైరి. అయితే రాజకీయము కవినుండి తన మూల్యమును గైకొనకపోలేదు. తొలి సంపుటము ‘సుర్ఖ్ సవేరా’ 1944లో వెలువడగా, మలిసంపుటము ‘గులె తర్’ 1961లో గాని రాలేదు. నడుమ 17 ఏండ్లు గడచినవి. 1966 నాటి ‘బిసాతె రఖ్స్’ సంపుటమునకు 1969వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఆ యేడే ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూసిరి. నాంపల్లి నేల ఆయనను తన ఒడిలో చేర్చుకొనెను.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు బీరువాలో ఆయన కవితల తెలుగు అనువాదమొకటి చేరవలెను. నాడు ఓటువేసిన రైతు చదువజాలనిదానిని నేడు ఆతని మనుమలు చదివిన, ఆ ఋణము కొంత తీరును.